చలికి కాపలా

(గుంటూరులో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం. వక్త భూగర్భశాస్త్రం బోధించి రిటైరైన అధ్యాపకులు. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో మూడు, వాటి జవాబులు ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పితే... ఆఁ, చాలు బాబూ. మే నెలలో గుంటూరులో కూర్చుని మంచు గురించి మాట్లాడమన్నారు. వింటున్నంతసేపైనా చల్లగా ఉంటుందని కాబోలు. (నవ్వులు)

ముందే ఒకటి చెప్పేస్తాను. ఆర్కిటిక్ అనగానే ఒక తెల్ల ఎలుగుబంటి చిన్న మంచుపలక మీద బిక్కుబిక్కుమంటూ నిలబడిన బొమ్మ చూపిస్తారు చూశారా, దాని గురించి నేను మాట్లాడను. నేను మట్టీ రాయీ చదువుకున్నవాణ్ణి, నాకు తెలిసింది నేల. అమెరికాలోని అలాస్కాలో బ్రూక్స్ పర్వతాలు దాటాక ఆర్కిటిక్ సముద్రం దాకా ఒక మైదానం ఉంది, నార్త్ స్లోప్ అంటారు. అక్కడ చమురు తీసేవాళ్ళున్నారు. వాళ్ళకన్నా వేల ఏళ్ళ ముందునుంచీ బతుకుతున్న ఇనుపియాట్ జనం ఉన్నారు. ఈ ఇద్దరికీ చాలా విషయాల్లో పడదు, ఒక్కోసారి ఒకే ఇంట్లో అన్నదమ్ములకీ పడదు. కానీ ఇద్దరూ ఆధారపడిన సరుకు ఒక్కటే. అది చమురు కాదండీ, చలి.

మనకి తెలిసిన మట్టితో మొదలుపెడతాను. నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్ళు ఈ హాల్లో సగంమంది ఉంటారు. వానాకాలం నేల ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, మూడో ఏటికి గోడలో బీట. మేస్త్రీని తిడతాం, తప్పు నేలది. ఆర్కిటిక్‌లో నేలది ఇదే గుణం, పదింతలు ఎక్కువ. అక్కడి మట్టి ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. పర్మాఫ్రాస్ట్ అంటారు, శాశ్వత ఘనీభవ నేల అని మా పుస్తకాల్లో రాసేవాళ్ళం. ఇందాకటి మైదానం తీరాన ప్రూడో బే అనే చోటుంది, అక్కడ ఆ గడ్డ 600 మీటర్ల లోతుకు పైగా ఉంది. ఎండాకాలంలో పైన అర మీటరో, కొంచెం ఎక్కువో కరుగుతుంది. ఆ కరిగిన పొరలోనే నాచు, గడ్డి, మోకాలెత్తు పొదలు, మిగతా సమస్తం. కింద మంచు ఉంది కాబట్టి నీళ్ళు ఇంకవు. అందుకే ఏటా పడే వాన మన అనంతపురం కన్నా తక్కువైనా నేలంతా చెరువులే.

చిక్కేమిటంటే ఆ గడ్డలో మట్టి ఎంతో మంచూ అంతే. కొన్నిచోట్ల మంచే ఎక్కువ. గడ్డగా ఉన్నప్పుడు కాంక్రీటు. కరిగిందా, ఇడ్లీపిండి. దాని మీద ఏం నిలబడుతుంది?

దీన్ని నేను లోపలినుంచి చూశాను. మా అమ్మాయి అలాస్కాలోనే ఫెయిర్‌బ్యాంక్స్ అనే ఊళ్ళో ఉద్యోగం చేసేటప్పుడు నేనూ మా ఆవిడా వెళ్ళి కొన్నాళ్ళున్నాం. ఆ ఊరికి కొద్ది దూరంలో ఫాక్స్ అనే చోట, అమెరికా సైన్యం 1960లలో ఘనీభవ నేలలోకి తవ్విన సొరంగం ఒకటుంది. లోపలికి అడుగు పెట్టగానే ముందు తగిలేది చలి కాదు, కంపు. పశువుల కొట్టం, తడిసిన చెప్పులు, పులిసిన పెరుగు కలిపినట్టు. మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇంత డబ్బు పోసి ఇందుకా వచ్చింది?" అంది. గోడలు బూడిదరంగు మట్టి. అందులోంచి గడ్డి వేళ్ళు, మన తాటాకు పందిరిలోంచి ఈనెలు వేలాడినట్టు వేలాడుతున్నాయి. నిన్ననో మొన్ననో ఎండినట్టున్నాయి. వాటి వయసు వేల ఏళ్ళు, లోపలికి పోయేకొద్దీ 40 వేల దాకా. మధ్యమధ్య గోడలోకి దిగ్గొట్టిన మేకుల్లా నల్లటి మంచు చీలికలు, పైన వెడల్పు, కిందికి సన్నం. ఒకచోట అప్పటి అడవిదున్న ఎముక బయటికి పొడుచుకుని ఉంది.

ఆ కంపేమిటో తెలుసా? 40 వేల ఏళ్ళ క్రితం చచ్చిన గడ్డి కుళ్ళడం ఇప్పుడు మొదలైంది. అంతకాలం దానికి కుళ్ళే యోగం పట్టలేదు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి నేలల్లో దాగిన కార్బన్ సుమారు 1.5 లక్షల కోట్ల టన్నులని లెక్క. ఇప్పుడు గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. మన మిర్చి కోల్డ్ స్టోరేజీలకి ఒక వేసవంతా కరెంటు పోయిందనుకోండి... గుంటూరు వాళ్ళకి ఇంకా వివరించాలా?

సరే, చమురు దగ్గరికొద్దాం. 1968లో ప్రూడో బే దగ్గర పడింది. ఉత్తర అమెరికాలో అప్పటిదాకా అంత పెద్ద చమురు క్షేత్రం దొరకలేదు. మరుసటి ఏడు సెప్టెంబరులో రాష్ట్రం లీజుల వేలం వేస్తే ఒక్కరోజున 90 కోట్ల డాలర్లు. అలాస్కా రాష్ట్రమై అప్పటికి పదేళ్ళే. ఇక్కడొక తిరకాసుంది. భూమి ఎవరిది? మూలవాసులతో ఎవరూ తేల్చుకోలేదు. చమురు మోసుకెళ్ళే గొట్టం వెయ్యాలంటే తేల్చుకోక తప్పదు. అందుకే 1971 డిసెంబరులో చట్టం చేసి 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, 96 కోట్ల డాలర్ల పైచిలుకు సొమ్ము మూలవాసులకిచ్చారు. తెగలకి కాదు, వాళ్ళ పేరున పెట్టిన కంపెనీలకి! అంటే వేటగాడు పొద్దున్న లేచేసరికి షేర్‌హోల్డరయ్యాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక గొట్టం. నాలుగడుగుల వ్యాసం, 800 మైళ్ళ పొడవు, ఆర్కిటిక్ సముద్రం నుంచి దక్షిణాన వాల్డీజ్ రేవు దాకా. కంపెనీలు మొదట వేసుకున్న ప్లాను చాలావరకు భూమిలో పూడ్చేద్దామని. మామూలుగా గొట్టాలు పూడుస్తాం కదా. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో ఆర్థర్ లాకెన్‌బ్రుక్ అనే ఆయన 1970లో కూర్చుని లెక్క కట్టాడు. 80 డిగ్రీల వేడి చమురున్న గొట్టాన్ని ఆరడుగుల లోతున పూడిస్తే, కొద్ది ఏళ్ళలో దాని చుట్టూ 20 నుంచి 30 అడుగుల వ్యాసంలో నేల కరిగిపోతుంది. గొట్టం పిండిలో మునిగిన కాడలా వాలిపోతుంది, విరుగుతుంది. నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ లెక్కంటే గొప్ప ముచ్చట. పార తగలకముందే చెప్పాడు మరి.

అందుకని సగానికి పైగా, సుమారు 420 మైళ్ళు, గొట్టాన్ని స్తంభాల మీదికెత్తారు. 78 వేల స్తంభాలు. ఎత్తాక ఇంకో సందేహం. స్తంభం కూడా నేలలోకి వేడి దించుతుంది కదా? అప్పుడు చేసిన పని చూడండి. మీరు ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు లోపలి వైపు నీళ్ళు కారతాయి. కింద మరిగిన ఆవిరి పైకి వెళ్ళి, చల్లటి మూతకి తగిలి, నీరై మళ్ళీ కిందికి జారుతుంది. అంతే సూత్రం. చాలా స్తంభాల్లో, ఒక్కోదానిలో రెండు సన్నటి సీలు వేసిన గొట్టాలు, వాటిలో అమోనియా. శీతాకాలంలో పైన గాలి మైనస్ 40, కింద నేల మైనస్ 2 అనుకుందాం. గాలితో పోలిస్తే నేలే వెచ్చన! ఆ వెచ్చదనానికే అమోనియా ఆవిరై పైకెక్కుతుంది, పైన అల్యూమినియం రెక్కల దగ్గర వేడి గాలికి వదిలేసి, ద్రవమై కిందికి జారుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. ఎండాకాలం పైన వెచ్చగా ఉంటుంది కాబట్టి దానంతటదే ఆగిపోతుంది. నేల ఆరేడు నెలలు చలిని బ్యాంకులో వేసుకుని ఎండాకాలం ఖర్చుపెట్టుకుంటుందన్నమాట. అలాంటి గొట్టాలు లక్షా 24 వేలు. ఫాక్స్ దగ్గర రోడ్డు పక్కనే ఆగి చూడొచ్చు. నేను చెయ్యి వేశాను కూడా. పైన రెక్కలు ఇంటి మీద యాంటెన్నాల్లా వరుసగా నిలబడి ఉంటాయి.

1977 జూన్ 20న చమురు వదిలారు. 2002 నవంబరులో డెనాలి భ్రంశం, అంటే భూమిలోని పెద్ద పగులు, మీద 7.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. గొట్టం కింద నేల నాలుగు మీటర్ల దాకా పక్కకి జరిగింది. గొట్టాన్ని అక్కడ పట్టాల మీద జారేలా పెట్టారు, జారింది, చుక్క కారలేదు. ఇంజనీరింగ్‌ని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. మరి 1989లో వాల్డీజ్ దాటాక ఎక్సాన్ ఓడ బండకి కొట్టుకుని కోటి గ్యాలన్ల పైన సముద్రంలో కలిసింది. 2006లో ప్రూడో బే దగ్గరే తుప్పు పట్టిన ఒక గొట్టం చిల్లుపడి 2 లక్షల గ్యాలన్లు టండ్రా మీద, అంటే చెట్లులేని ఆ నాచు నేల మీద, పారింది. భూకంపానికి తట్టుకున్నవాళ్ళు తుప్పుని చూసుకోలేదు.

ఇప్పుడు నేను మొదట అన్న మాటకొస్తాను, చలి. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా భూమి కన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కిందని 2022లో ఒక పరిశోధన తేల్చింది. అంకె వింటే ఏమీ అనిపించదు. ఇది వినండి. అలాస్కా ఉత్తర కొసన ఉత్కియాగ్విక్ అనే ఊరుంది, 2016 దాకా బారో అనేవారు. అక్కడి ఉష్ణోగ్రతలు అమెరికా వాతావరణ శాఖ కంప్యూటర్లోకి వెళ్తాయి. ఏ కేంద్రంలోనైనా పరికరం పాడై తప్పుడు అంకెలిస్తే పట్టుకుని పక్కన పెట్టే ప్రోగ్రాం ఒకటి ఉంది. 2017 డిసెంబరులో నెలవారీ లెక్క చూస్తే ఉత్కియాగ్విక్ కనబడలేదు. ప్రోగ్రాం తీసి పక్కన పెట్టేసింది. పరికరం భేషుగ్గా ఉంది. ఊరే అంత మారిపోయింది! ఒడ్డున సముద్రపు మంచు ఆలస్యంగా గడ్డకడుతుంటే అక్టోబరు, నవంబరు నెలలు వెచ్చబడ్డాయి. యంత్రం నమ్మలేకపోయింది.

చమురువాళ్ళకి దీనివల్ల వచ్చే తలనొప్పి మనం ఊహించేది కాదు. టండ్రా మీద ఎండాకాలం బండి నడిపితే ఆ చక్రాల గాడి దశాబ్దాలపాటు మానదు. పైన నాచు నలిగితే కింద మంచుకి దుప్పటి పోయినట్టే, కరిగి కాలువవుతుంది. అందుకే బరువైన పనంతా శీతాకాలంలోనే, నీళ్ళు చల్లి గడ్డకట్టించిన మంచురోడ్ల మీద. నేల అడుగు లోతు గడ్డకట్టి, పైన ఆరంగుళాల మంచు పడ్డాకే ప్రభుత్వం అనుమతించే పద్ధతి ఉండేది. 1970లలో ఏడాదికి 200 రోజులు దొరికేవి. 2004లో వచ్చిన ఆర్కిటిక్ అంచనా నివేదిక నాటికి దాదాపు సగం. తర్వాత కొలిచే పద్ధతి మార్చి కొన్ని రోజులు వెనక్కి రాబట్టుకున్నారు. పాసు మార్కులు తగ్గించినట్టు అనుకోండి.

2021లో ఇంకో ముచ్చట. ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఎగువన ఒక కొండవాలు గొట్టం స్తంభాలతో సహా మెల్లగా కిందికి జారుతోంది, స్తంభాల దిమ్మెలు వంకరపోయాయి. ఆ వాలుని మళ్ళీ గడ్డకట్టించడానికి సుమారు 100 అమోనియా గొట్టాలు దించేందుకు అనుమతిచ్చారు. గొట్టానికి స్తంభం కాపలా, స్తంభానికి అమోనియా కాపలా, ఇప్పుడు కొండకి కూడా. 2023 మార్చిలో ఒప్పుకున్న విల్లో అనే కొత్త చమురు ప్రాజెక్టు పత్రాల్లోనే, నేల కరగకుండా ఇలాంటి చల్లబరిచే గొట్టాలు వాడతామని రాసుకున్నారు. రోజుకి లక్షా 80 వేల పీపాల దాకా తీస్తారట. ఆ చమురు ఎక్కడో కాలుతుంది, ఆ వేడి ఇక్కడికొస్తుంది, దాన్ని తట్టుకోవడానికి నేలని ఫ్రిజ్‌లో పెడతారు. నేను వేళాకోళం చెయ్యడం లేదు, కంపెనీ ఇంజనీర్లకి ఇది నాకన్నా బాగా తెలుసు.

మరి జంతువులూ మనుషులూ? ఇక్కడ నలుపు తెలుపు కథ చెప్పను. ధ్రువపు జింకలున్నాయి, అక్కడ కారిబూ అంటారు. ప్రూడో బే చుట్టుపక్కల మంద చమురొచ్చిన కొత్తలో 5 వేలు, 2010 నాటికి 70 వేలకి దగ్గర. చమురువాళ్ళు ఆ అంకె ప్రతి సభలో చూపించారు. దోమలు, జోరీగలు తట్టుకోలేక కారిబూలు గాలి తగిలే కంకర దిబ్బల మీదికెక్కి, గొట్టం నీడలో నిలబడటం నిజమే. తర్వాత ఆరేళ్ళలో ఆ మంద 22 వేలకి పడిపోయింది. చమురు బావులు లేని పడమటి మంద 2003లో 4 లక్షల 90 వేలు, 2023లో లక్షా 52 వేలు. ఒక్క కారణం చెప్పేసి చేతులు దులుపుకుంటే సైన్సు కాదు. శీతాకాలంలో మంచు మీద వాన పడితే అద్దంలా గట్టిపడుతుంది, కింద నాచు కనబడుతున్నా గిట్టలతో తవ్వుకోలేవు. అటుపక్క పడమటి అలాస్కాలో బీవర్లు, కర్రలతో వాగులకి అడ్డుకట్టలు కట్టే ఎలుకజాతి జంతువులు, టండ్రాలోకి దిగాయి. పొదలు పెరిగాయి, కర్ర దొరికింది, ఆనకట్టలు కడుతున్నాయి. ఉపగ్రహ చిత్రాల్లో 11 వేల పైగా చెరువులు లెక్కపెట్టారు, ఇరవై ఏళ్ళలో రెట్టింపు. ప్రతి చెరువు అడుగునా నేల కరుగుతుంది. బ్రూక్స్ పర్వతాల్లో కనీసం 75 వాగులు ఇటుకరంగులోకి మారాయి. కరిగిన నేలలోంచి ఇనుము వస్తోంది. పైన గని ఉందనుకుంటారు చూసినవాళ్ళు, ఆ రంగు గనిది కాదు.

మనుషుల సంగతి. ఉత్కియాగ్విక్‌లో ప్రతి తిమింగిలాల వేట కుటుంబానికీ నేలలో తవ్విన గది ఉండేది, సిగ్లువాక్ అంటారు. తలుపు ఎత్తి నిచ్చెన దిగితే కింద ఘనీభవ నేల. ఏడాది మాంసం అక్కడే. వాళ్ళ కోల్డ్ స్టోరేజీ అన్నమాట. ఈమధ్య చాలా గదుల్లోకి నీళ్ళొస్తున్నాయి, గోడలు కూలుతున్నాయి. కరెంటు ఫ్రీజర్లు కొనుక్కుంటున్నారు. కొనే డబ్బు ఎక్కడిది? చమురుది. 1972లో ఎబెన్ హాప్సన్ నాయకత్వాన అక్కడివాళ్ళు సొంత స్థానిక ప్రభుత్వం పెట్టుకున్నారు, చమురు ఆస్తుల మీద పన్ను వేసుకోవడానికే. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, వీళ్ళు నిలబడ్డారు. బడి, ఆసుపత్రి, ఇంట్లో నీళ్ళ కొళాయి, మరుగుదొడ్డి ఆ పన్నుతోనే వచ్చాయి. దానికి ముందు బకెట్ మోసుకుపోవడమే. బకెట్ మోసినవాడికి చమురు చెడ్డదని ఇక్కడ ఏసీలో కూర్చుని నేను చెప్పలేను. సారీ, ఫ్యాను కింద కూర్చుని. (నవ్వులు)

అక్కణ్ణుంచి నుయిక్‌సుట్‌కి రండి. 1973లో 27 కుటుంబాలు తాతలనాటి చోటికి తిరిగివెళ్ళి, గుడారాల్లో ఏడాదిన్నర బతికి, కట్టుకున్న ఊరు. ఇప్పుడు 500 మంది. చుట్టూ చమురు బావులు. 2022 మార్చిలో కొద్ది మైళ్ళ దూరంలో ఒక బావి దగ్గర గ్యాస్ లీకైతే కంపెనీ తన 300 మంది సిబ్బందిని తరలించింది, ఊళ్ళోంచీ కొన్ని కుటుంబాలు తమంతట తామే వెళ్ళిపోయాయి. విల్లో వచ్చినప్పుడు అప్పటి ఊరి మేయర్ రోజ్‌మేరీ అహ్తుఅన్‌గరుఅక్ గట్టిగా వద్దన్నారు. ప్రాంతీయ మూలవాసి కంపెనీ కావాలంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. అదే మనిషి వేటగాడిగా వద్దంటాడు, షేర్‌హోల్డరుగా డివిడెండు అందుకుంటాడు. వాళ్ళలో తప్పెవరిదని నన్నడగకండి. ఆ రెండు టోపీలూ వాళ్ళు పెట్టుకున్నవి కాదు, 1971లో పెట్టినవి. నా అభిప్రాయం అడిగితే మాత్రం చెప్తాను: మొదటి నష్టం భరించే ఊరి మాటకి, పది ఊళ్ళ అవతల లాభం పంచుకునేవాళ్ళ మాట కన్నా ఎక్కువ తూకం ఉండాలి. విల్లోలో అలా జరగలేదు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. 1977లో అంతర్జాతీయ తిమింగిలాల కమిషన్ బోహెడ్ తిమింగిలాలు అంతరించిపోతున్నాయని ఇనుపియాట్ వేటని నిషేధించింది. శాస్త్రవేత్తలు మంచు అంచున కూర్చుని, కనబడ్డవి లెక్కపెట్టి, వెయ్యి అటూఇటూ అన్నారు. వేటగాళ్ళేమో, "మీరు నీళ్ళు తెరిచిన చోటే చూస్తున్నారు, అవి మంచు కిందనుంచి కూడా పోతాయి, తలతో మంచు పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి" అన్నారు. ఎవరూ నమ్మలేదు. వాళ్ళు సంఘం పెట్టుకుని, చమురు పన్ను డబ్బుతోనే శాస్త్రవేత్తల్ని పెట్టుకుని, నీళ్ళలోకి మైకులు దించి విన్నారు. మంచు కింద బారులు బారులుగా అరుపులు. వేటగాళ్ళన్నదే నిజం. 2011 లెక్కలో దాదాపు 17 వేలు తేలాయి. 2007లో పట్టిన ఒక తిమింగిలం మెడలో పాత ఈటె ముక్క దొరికింది, 1880ల కాలంలో అమెరికా తూర్పు తీరంలో చేసినది. అది చమురు పుట్టకముందు మనిషి, నేననేది, ఆ తిమింగిలం. (నవ్వులు) ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మాస్టారూ, మనదేశానికి అక్కడేమన్నా పనుందా?

ఉంది. 2008 నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లో, నార్వేవాళ్ళ నీ-ఆలెసుండ్‌లో, హిమాద్రి అనే పరిశోధన కేంద్రం నడుపుతున్నాం. 2022లో ఆర్కిటిక్ విధానం కూడా ప్రకటించారు. రష్యా సైబీరియా చమురులో మన ప్రభుత్వ కంపెనీలకి వాటాలున్నాయి. అంటే రెండు టోపీలు మనకీ ఉన్నాయి.

ప్రశ్న: గొట్టంలో చమురు తగ్గిపోతోంది కదండీ, అప్పుడు గొడవ తగ్గినట్టేనా?

తమాషా అక్కడే ఉందమ్మా. 1988లో రోజుకి 20 లక్షల పీపాలు, ఇప్పుడు 5 లక్షలకి లోపు. అప్పుడు నాలుగున్నర రోజుల్లో వాల్డీజ్ చేరేది, ఇప్పుడు రెండున్నర వారాలు దాకా పడుతుంది. నెమ్మదిగా పోతే దారిలో చల్లబడుతుంది, మైనం పేరుకుంటుంది, చమురులో ఉన్న నీళ్ళు గడ్డకట్టే ప్రమాదం. కింద నేల కరుగుతుందని చల్లబెడుతూ, పైన చమురు గడ్డకడుతుందని వేడి పెడుతున్నారు. ఒకే గొట్టం వెంబడి, ఒకే శీతాకాలంలో.

ప్రశ్న: మరి చమురైపోయాక ఆ గొట్టం ఏమవుతుంది సార్?

ఒప్పందం ప్రకారం విప్పి తీసుకెళ్ళి నేల చక్కబెట్టాలి. లీజు ఇప్పటికి 2034 దాకా ఉంది, అప్పటికి పొడిగిస్తారనే నా అంచనా. విప్పినరోజు స్తంభాలు పీకేస్తే అమోనియా గొట్టాలూ పోతాయి. ఇన్నేళ్ళూ వాటి చుట్టూ గడ్డగా ఉన్న నేల ఆ ఎండాకాలం ఏం చేస్తుందో లెక్క కట్టాలంటే మళ్ళీ ఒక లాకెన్‌బ్రుక్ కూర్చోవాలి. నా దగ్గర చదువుకున్న కుర్రాళ్ళెవరన్నా వెనక వరసలో ఉంటే, అబ్బాయీ, ఇది నీకు మంచి థీసిస్సు.